తెరచాప కంబమూ, కంటికి కనపడని పగులూ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు అడిగారు. రాజుల చరిత్ర, గుళ్ళ చరిత్ర వ్రాయగల పెద్దలు మనలో చాలామందే ఉన్నారు. అందుచేత ఎవరూ అంతగా పట్టించుకోని ఒక చిన్న వస్తువు చరిత్రను ఎన్నుకున్నాను. తెరచాప పడవలో కంబాన్ని నిలబెట్టే ఇనుప పట్టీలు, మేకులు, మరలు – వాటిలో వచ్చే పగుళ్ళు, ఆ పగుళ్ళను మనిషి కనిపెట్టడం నేర్చుకున్న వైనం. యంత్రాలతో పనిచేసి రిటైరయిన మిత్రులకు ఇందులో పాత పరిచయాలు కొన్ని తగులుతాయి. మిగిలినవారికి ఒక సముద్ర కథ అయినా దక్కుతుంది.

కంబం ఎలా నిలబడుతుంది?

పడవ మీద కంబం చూడటానికి పాతిపెట్టిన స్తంభంలా కనిపిస్తుంది గాని, నిజానికి దాన్ని నిలబెట్టేది దాని మొదలు కాదు. ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి, రెండు పక్కలా కొన్ని చొప్పున గట్టిగా లాగి కట్టిన మోకులే దాన్ని నిలబెడతాయి. మన ఊళ్ళలో షామియానా గుంజకు నాలుగు వైపులా తాళ్ళు లాగి కట్టినట్లే. గాలి తెరచాపను ఒక పక్కకు తోస్తే రెండో పక్క మోకు ఆ బరువంతా మోస్తుంది. మోకులు పక్కలను పైకి లాగుతూ ఉంటే, కంబం అడుగున ఉన్న దూలాన్ని కిందికి నొక్కుతూ ఉంటుంది. ఎక్కుపెట్టిన విల్లులా పడవ మొత్తం ఎప్పుడూ బిగిసే ఉంటుంది. ఒక్క మోకు జారినా, దాని కొసన ఉన్న ఒక్క మేకు విరిగినా, మంచి గాలిలో కంబం కూలడానికి క్షణాలు చాలు.

పూర్వం ఈ మోకులు జనపనార వంటి నారతో పేనినవి. వాటికి తారు పూసేవారు. మోకు కొసన మూడు కన్నాలున్న గుండ్రని కొయ్య బిళ్ళ ఒకటి, పడవ పక్కన అటువంటిదే మరొకటి పెట్టి, రెండింటి కన్నాల గుండా సన్నతాడు పోనిచ్చి బిగించేవారు. ఈ ఏర్పాటులో ఒక గొప్ప గుణం ఉంది. తాడు చెప్పి తెగుతుంది. ముందు పోగులు లేస్తాయి, తరువాత ఒక పురి విడుతుంది, చేత్తో తడిమినా తెలిసిపోతుంది. అనుభవమున్న సరంగు ఉదయం ఒక చుట్టు తిరిగి వచ్చాడంటే ఏ మోకు మార్చాలో చెప్పగలిగేవాడు. ఓడల నిర్మాణానికి ఒకప్పుడు పేరు పొందిన మన కోరంగి రేవులో తయారైన కొయ్య ఓడలూ తాళ్ళను నమ్ముకున్నవే.

తాడు పోయి తీగ వచ్చింది

1834లో జర్మనీలోని హార్జ్ పర్వతాల గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి ఇనుప తీగలను పేని మోకు తయారు చేయించాడు. గనిలో బరువులు లాగే గొలుసులు చెప్పాపెట్టకుండా తెగిపోతూ ఉండటమే ఆ ప్రయత్నానికి కారణం. గొలుసులో ఒక్క లంకె విరిగితే అంతా పోయినట్లే. తీగమోకులో ఒక తీగ తెగినా మిగిలినవి బరువు మోస్తాయి. గనుల్లో పుట్టిన ఈ ఆలోచన కొద్ది సంవత్సరాలకే ఓడల మీదికి ఎక్కింది. 1869లో స్కాట్లండులోని డంబార్టన్‌లో నీటిలోకి దించిన ప్రసిద్ధ టీ ఓడ ‘కట్టీ సార్క్’ కంబాలను నిలబెట్టినవి తీగమోకులే. అయితే వాటి కొసలను బిగించడానికి ఇంకా ఆ పాత కొయ్య బిళ్ళలనే వాడారు.

క్రమంగా ఆ బిళ్ళలూ పోయాయి. వాటి స్థానంలో మర తిప్పి బిగించే బాటిల్ స్క్రూలు, పడవ పక్కకు బోల్టులతో బిగించే చెయిన్ ప్లేట్లు అనే లోహపు పట్టీలు, వాటిని కలిపే పిన్నులు వచ్చాయి. బలం పెరిగింది, పని తేలికైంది. కాని ఒక సౌకర్యం పోయింది. తాడు చెప్పి తెగుతుందని అన్నాను గదా! లోహం చాలాసార్లు చెప్పకుండా విరుగుతుంది.

సముద్రాలు దాటినవాడు రైలులో పోయాడు

లోహం ఎందుకు చెప్పకుండా విరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు సముద్రం మీద కాక రైలు పట్టాల మీద దొరికింది.

ఫ్రాన్సు దేశానికి చెందిన డ్యూమాన్ డ్యూర్విల్ గొప్ప నావికుడు. తెరచాప ఓడల మీద భూమిని చుట్టివచ్చినవాడు. 1840లో దక్షిణధ్రువ మంచు ఖండం తీరాన్ని చూసి, అక్కడి ఒక ప్రాంతానికి తన భార్య అడేల్ పేరు పెట్టాడు. అంతటి తుపానులు దాటి ఇల్లు చేరిన ఆ మనిషి 1842 మే 8న భార్యతో, కొడుకుతో కలిసి వెర్సాయ్ నుండి పారిస్‌కు రైలులో వస్తున్నాడు. దారిలో ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి, నిప్పు అంటుకుంది. అప్పటి పద్ధతి ప్రకారం పెట్టెలకు బయటినుండి తాళాలు వేసి ఉన్నాయి. 50 మందికి పైగా మరణించిన ఆ ప్రమాదంలో ఆ కుటుంబం ముగ్గురూ పోయారు.

ఆ రోజుల్లో ఇరుసులు ఇలా విరగడం తరచు జరిగేది. బ్రిటనులో రాంకిన్ విరిగిన ఇరుసులను పరీక్షించి, పగులు ఒక్కరోజులో వచ్చేది కాదని, మూల మలుపు వంటి చోట సన్నగా మొదలై కొంచెం కొంచెంగా లోపలికి పాకుతుందని 1843లో చెప్పాడు. తరువాత ప్రష్యా రైల్వేలలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ 1850ల చివరినుండి 1870 వరకు ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షలు చేసి ఒక సత్యాన్ని రుజువు చేశాడు. ఒక్కసారి వేస్తే లోహం సునాయాసంగా మోసే బరువే, లక్షలసార్లు వేసి తీస్తూ ఉంటే దాన్ని విరుస్తుంది. ఇంజనీర్లు దీనికి ‘అలసట’ అనే పేరే పెట్టారు. జీవితమంతా ఉద్యోగం చేసినవారికి ఈ పదం అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

తెరచాప పడవ కంబానికీ ఇదే వర్తిస్తుంది. ప్రతి అలకూ పడవ ఒకసారి ఒరుగుతుంది, ప్రతి ఒరుగుకూ ఒక పక్క తీగ బిగిసి రెండో పక్క వదులవుతుంది. నెలల తరబడి సాగే ప్రయాణంలో ఇవి లక్షల్లోకి పోతాయి.

తుప్పు పట్టని ఉక్కు, దాని లోపం

1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాల కోసం ప్రయోగాలు చేస్తూ, క్రోమియం కలిపిన ఉక్కుకు తుప్పు పట్టదని గమనించాడు. అదే ఈనాడు మన వంటింట్లో పళ్ళెమై, గ్లాసై ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు. పడవలవారికి అది వరంలా కనిపించింది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగానికి తీగలు, బాటిల్ స్క్రూలు, చెయిన్ ప్లేట్లు చాలావరకు దానితోనే వచ్చాయి.

ఈ ఉక్కును కాపాడేది దాని పైన ఏర్పడే కంటికి కనపడనంత పలుచని పొర. గీత పడినా, గాలిలోని ఆక్సిజన్ తగలగానే ఆ పొర మళ్ళీ ఏర్పడుతుంది. కాని గాలి ఆడని చోట, ఉప్పునీరు నిలిచిన సందులో ఆ పొర తిరిగి ఏర్పడదు. అక్కడ లోహాన్ని ఉప్పు గుంటలు గుంటలుగా తింటుంది. పడవలో అటువంటి చోటు సరిగ్గా చెయిన్ ప్లేటు డెక్కు గుండా కిందికి దిగే చోటే. పైన చూస్తే పట్టీ అద్దంలా మెరుస్తుంది, కింద చూసినా మెరుస్తుంది. మధ్యలో డెక్కు మందాన దాగిన అంగుళంలో మాత్రం సగం మందం పోయి ఉండవచ్చు. ఆ గుంటే పగులుకు మొదలు. దానిమీద అలల అలసట తోడైతే, మెరిసే పట్టీయే ఒకనాడు రెండు ముక్కలవుతుంది. ఇనుముకు తుప్పు పడితే కనీసం ఎర్రగా కనపడుతుంది. స్టీలు మెరుపు మనల్ని మోసం చేస్తుంది.

తీగ కొసను గొట్టంలో పెట్టి యంత్రంతో ఒత్తే చోటు రెండోది. ఆ గొట్టంలోకి నీరు దిగి, లోపల తుప్పు ఉబ్బి, గొట్టం నిలువునా చీలుతుంది. చీలిక మొదట్లో వెంట్రుకంత సన్నం.

కిరసనాయిలు, సుద్ద

ఆ వెంట్రుకంత పగులును కనిపెట్టడం ఎలా? ఇక్కడా రైల్వే వర్క్‌షాపులే దారి చూపాయి. ఇరుసునో, చక్రాన్నో శుభ్రంగా కడిగి, కిరసనాయిలు కలిపిన నూనె పట్టించి, కొంతసేపు ఉంచి తుడిచేసేవారు. పైన సున్నంలా సుద్దపొడి పూసేవారు. పగులులో దాగిన నూనె మెల్లగా ఊరి, తెల్లని సుద్ద మీద నల్లని గీతగా కనిపించేది. ఖర్చు అణాల్లో ఉండేది, ఫలితం ప్రాణాలు కాపాడేది.

1940ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ స్విట్జర్ ఈ పాత పద్ధతికి మెరుగులు దిద్ది, నూనెకు బదులు ప్రత్యేక దీపం కింద వెలిగే రంగు ద్రవాన్ని వాడాడు. తరువాత ఎర్రరంగు ద్రవాలు, డబ్బాల్లో దొరికే స్ప్రేలు వచ్చాయి. ఈనాడు పాత పడవ కొన్నవారు చేసే పరీక్ష ఇదే. పట్టీని నూనె, మురికి లేకుండా కడిగి ఆరబెట్టాలి. ఎర్రరంగు చల్లి డబ్బా మీద వ్రాసినంతసేపు ఆగాలి. పైరంగు పూర్తిగా తుడిచి తెల్లపొడి చల్లాలి. పగులుంటే తెల్లని దాని మీద ఎర్రగీత లేస్తుంది. అయస్కాంతంతో పగులు పట్టే పద్ధతి కూడా ఒకటి 1930ల నుండి వాడుకలో ఉంది. పడవల్లో వాడే స్టెయిన్‌లెస్ రకాలకు అయస్కాంతం పట్టదు గనుక అది ఇక్కడ పనికిరాదు.

రంగు పరీక్షకూ ఒక హద్దు ఉంది. పైకి తెరుచుకున్న పగులునే అది చూపిస్తుంది. కాబట్టి పట్టీని ఊడదీయకుండా పైపైన రంగు చల్లి ‘బాగానే ఉంది’ అనుకుంటే, డెక్కులో దాగిన ఆ అంగుళం అలాగే మిగిలిపోతుంది. ఊడదీయడమే అసలు పరీక్ష. అయితే అన్నీ ఒకేసారి ఊడదీస్తే కంబం పడుతుంది. తెరచాప ఎత్తే తాడును ఆ పక్కకు లాగి కట్టి, దాన్ని తాత్కాలికంగా మోకుగా వాడుకుంటూ ఒక్కొక్క పట్టీనే విప్పాలి.

పగులు కనబడితే వెల్డింగుతో పూడ్చవచ్చు గదా అనిపిస్తుంది. అనుభవజ్ఞులు వద్దంటారు. పగులు కొస ఎంతవరకు పోయిందో తెలియదు. పైగా మామూలు రకం స్టీలులో వెల్డింగు వేడికి పక్క లోహంలోని క్రోమియం కొంత కర్బనంతో కలిసిపోయి, తుప్పునుండి కాపాడే గుణం అక్కడ తగ్గుతుంది. పాత పట్టీని నమూనాగా పెట్టుకుని కొత్తది చేయించడమే మార్గం. మాలిబ్డినం కలిసిన 316 రకం ఉక్కు ఉప్పునీటికి కొంత మేలు. కన్నాల అంచులు నునుపుగా రుద్దాలి. గరుకు అంచే పగులుకు పుట్టిల్లు. పట్టీ వంపు తీగ లాగే దిశలోనే ఉండాలి. కుడిపక్కది పగిలితే ఎడమపక్కదాన్నీ మార్చాలి. రెండూ ఒకే వయసువి, ఒకే బరువు మోసినవి గదా!

బొంబాయిలో పుట్టిన పడవ

ఇంతవరకు చెప్పినదంతా ఒక మనిషి ప్రాణం మీదికి ఎలా వస్తుందో చూద్దాం. ఈ కథలో మన దేశానికి పెద్ద భాగమే ఉంది.

బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో పనిచేసిన రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ అనే యువ అధికారి 1960లలో బొంబాయిలో మన వడ్రంగుల చేత టేకుతో సుమారు 32 అడుగుల పడవ ఒకటి కట్టించుకున్నాడు. 1964 డిసెంబరులో అది నీటిలోకి దిగింది. గల్ఫ్ ప్రాంతపు అరబ్బు నావికులు ఆగ్నేయపు గాలికి పెట్టిన పేరునే దానికి ‘సుహైలి’ అని పెట్టాడు. 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ రేవునుండి ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టిరావడానికి బయలుదేరాడు. ఆ పందెంలో బయలుదేరినవారు 9 మంది. 312 రోజుల తరువాత, 1969 ఏప్రిల్ 22న అదే రేవుకు పందెం పూర్తి చేసి చేరినవాడు ఆయన ఒక్కడే. బహుమతిగా వచ్చిన 5,000 పౌన్లను పోటీలో మరణించిన డొనాల్డ్ క్రౌహర్స్ట్ కుటుంబానికి ఇచ్చివేశాడు.

దారి పొడుగునా ఆయన చేసినది మరమ్మతులే. అట్లాంటిక్‌లో ఉండగానే పడవ అడుగున పలకల సందులు నీరు కారాయి. నీటిలోకి దూకి, సందుల్లో నార కూరి, పైన గుడ్డ, రాగి రేకు కొట్టి పూడ్చాడు. తరువాత తెరచాప అడుగుకొయ్యను కంబానికి కలిపే లోహపు కీలు విరిగింది. దానంతట చుక్కాని నడిపే యంత్రం పూర్తిగా పోయింది. ఒకదాని తరువాత ఒకటి, ఉన్న సామగ్రితోనే సరిచేసుకుంటూ వచ్చాడు. బొంబాయి వడ్రంగుల టేకు మాత్రం నిలిచింది.

డెబ్భైమూడేళ్ళ లెక్కల మాస్టారు

ఆ యాత్రకు 50 ఏళ్ళు నిండిన సందర్భంగా 2018 జూలై 1న ఫ్రాన్సులోని లే సాబ్ల్ దొలోన్ రేవునుండి మళ్ళీ అదే పందెం పెట్టారు. 1988కి ముందు నమూనా పడవలే వాడాలని, కొత్త యంత్రసాధనాలు వాడరాదని నియమం. 5 పడవల కంబాలు దారిలో కూలిపోయాయి.

వాటిలో ఒకటి మన నౌకాదళానికి చెందిన కమాండర్ అభిలాష్ టోమీది. సుహైలికి ప్రతిరూపంగా గోవాలో కట్టిన ‘తురీయ’ అనే పడవలో ఆయన వెళ్ళారు. సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో పెను తుపాను పడవను బోర్లించింది, కంబం విరిగింది, ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంతటి తుపానులో కొత్త పట్టీలైనా తట్టుకుంటాయన్న పూచీ లేదు. పరీక్షలు ప్రమాదాన్ని తగ్గిస్తాయి గాని సముద్రాన్ని మార్చవు. మూడురోజుల తరువాత ‘ఒసిరిస్’ అనే ఫ్రెంచి ఓడ ఆయనను రక్షించింది. తరువాత మన ‘ఐ.ఎన్.ఎస్. సాత్పురా’ ఆయనను మన విశాఖపట్నానికే తీసుకువచ్చింది. ‘కల్యాణి’ నౌకాదళ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. ఆయన అంతటితో ఆగలేదు. 2022లో అదే పందెంలో మరో పడవతో బయలుదేరి, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో గమ్యం చేరారు.

2018 పందెం గెలిచినది ఎవరనుకున్నారు? జాన్ లుక్ వాన్ డెన్ హీడ్ అనే 73 ఏళ్ళ ఫ్రెంచి మనిషి. పూర్వం లెక్కల మాస్టారు. నవంబరు మొదట్లో దక్షిణ పసిఫిక్‌లో ఒక అల ఆయన పడవను పక్కకు పడగొట్టింది. పడవ లేచింది గాని, పక్కతీగలను కంబానికి పట్టి ఉంచే బోల్టు కంబం గోడను చీల్చుకుంటూ సుమారు 5 సెంటీమీటర్లు కిందికి జారింది. తీగలన్నీ వదులయ్యాయి. మొదట ఆయన చిలీలో ఆగి బాగుచేయించుకోవాలనుకున్నాడు. ఆగితే అసలు పందెంలో స్థానం పోతుంది. చివరకు నడిసముద్రంలో, ఊగే కంబం మీదికి పలుమార్లు తానే ఎక్కి, చీలిన చోట కట్లు కట్టి బిగించాడు. ఆపైన తెరచాపలు తగ్గించి, దెబ్బతిన్న కంబాన్ని రోగిని నడిపించినట్లు నడిపించుకుంటూ కేప్ హార్న్ దాటాడు. 2019 జనవరి 29న, 212వ రోజున, మొదటివాడిగా రేవు చేరాడు.

ఆయనను గెలిపించినది కండబలం ఒక్కటే కాదు. బయలుదేరక ముందే గట్టిదనం కోసం కంబం ఎత్తు తగ్గించుకున్నాడు. చీలిక ఎంత దూరం వచ్చింది, ఎంత గాలిని అది మోయగలదు అన్న లెక్క ఆయనకు తెలుసు. అది వయసుతో వచ్చే లెక్క.

మన ఆడపిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. 2017 సెప్టెంబరు 10న గోవానుండి ‘తరిణి’ అనే తెరచాప నావలో ఆరుగురు నౌకాదళ అధికారిణులు భూమిని చుట్టడానికి వెళ్ళారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువారు. తిరుగుదారిలో చుక్కాని తిప్పే యంత్రం చెడిపోతే, మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి బాగుచేయించుకుని 2018 మే 21న క్షేమంగా తిరిగివచ్చారు. ఆగవలసిన చోట ఆగడం కూడా నావిక విద్యలో భాగమే.

మన ఇంటి మాట

మనలో ఎవరమూ కేప్ హార్న్ దాటబోవడం లేదు. కాని ప్రతి ఇంట్లోనూ నెత్తిమీద వేలాడే లోహం ఉంది. మనుమలు ఊగే ఉయ్యాలబల్ల కొక్కెం, సీలింగు ఫ్యాను కడ్డీ పిన్ను, నూతి గిలక ఇరుసు – ఇవన్నీ రోజూ కొంచెం కొంచెం అలసిపోయేవే. కొక్కెం గొలుసును ఒరుసుకునే చోట, రంగు కింద దాగిన చోట, వంపు దగ్గర చూడాలి. ఏడాదికి ఒకసారి గొలుసు దించి, కొక్కెం తుడిచి, భూతద్దం పెట్టి చూడటానికి పావుగంట చాలు. సందేహముంటే కొక్కెం మార్చడానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

ఈ చూపు పుస్తకాల్లో కొంత దొరుకుతుంది, మిగిలినది చేయి తిరిగినవారి దగ్గరే ఉంటుంది. సుత్తితో తట్టి మోత విని చక్రం బాగోగులు చెప్పినవారు, సుద్దమీద నూనెగీత చదివినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ సెలవుల్లో మనుమలు ఇంటికి వచ్చినప్పుడు వారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కొక్కెం వారి చేతే దింపించి, ఎక్కడ చూడాలో ఎందుకు చూడాలో చెప్పండి. మీరు నలభై ఏళ్ళలో నేర్చినది వారికి పావుగంటలో కొంతైనా అందుతుంది.